నడుస్తోందని ఒక సంతకం

ఇల్లు, మేడమీద వంటగది
మే మొదటివారం

వదినగారికి నమస్కారాలు.

మీరు కులాసాగా ఉన్నారని తలుస్తాను. మోకాలికి ఆ కొత్త డాక్టరు ఇచ్చిన పట్టీ కట్టుకుంటున్నారా, లేక పాత పట్టీలతో పాటు అది కూడా బీరువాలోకి చేరిందా?

ఫోను ఉండగా ఈ ఉత్తరం ఏమిటని అనుకుంటూ ఉంటారు. కారణాలు రెండు. ఫోనులో మాట్లాడితే మీ తమ్ముడు వింటారు. పట్టుకుని మెట్ల మీదికి వెళ్ళానంటే ఆయన కళ్ళు గుమ్మం దాకా నా వెంటే వస్తాయి. రెండోది, ఫోనులో మీరు నన్ను ఒక వాక్యం పూర్తి చేయనివ్వరు. కోపం తెచ్చుకోకండి, ఉన్నమాటే రాశాను.

ముందు ఆయన సంగతి. పక్షవాతం పట్టిన కుడి చెయ్యి, కుడి కాలు మీరు చూసి వెళ్ళినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. మాట మాత్రం కొంచెం మెరుగు. ఒకటి రెండు మాటలు కూడగట్టుకుని అంటున్నారు, అవి పూర్తయ్యేవరకూ ఎదుటివాళ్ళు ఓపిక పట్టాలి. మందులు వేళకి వేస్తున్నాను. కింద కార్ఖానాలో అట్టలు కోసే పంచింగ్ మెషీను మొదలవగానే కళ్ళు మూసుకుంటారు. ఆ చప్పుడు వింటుంటే ఆయనకి మనసు కుదుటపడుతుందని నాకు అనిపిస్తుంది.

ఇక అసలు సంగతి. ఇది మీకూ నాకూ మధ్యే ఉండాలి. నేను మా ఊరి కాలేజీలో వ్యాపార నిర్వహణ కోర్సుకి దరఖాస్తు పెట్టాను. రెండేళ్ళు, శని ఆదివారాలు మాత్రమే. ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటున్నవాళ్ళ కోసమే పెట్టిన కోర్సు. డిగ్రీ ఉండాలన్నారు. నా డిగ్రీ ఇన్నాళ్ళూ పెట్టెలో పెళ్ళిచీర కింద ఉంది, మడత పడలేదు. వచ్చే నెలలో ఇంటర్వ్యూకి రమ్మని కబురొచ్చింది.

ఈ వయసులో ఇదేమిటని అడుగుతారు. చెప్పుల కంపెనీ వాళ్ళ కొనుగోళ్ళ మేనేజరు దగ్గరికి మూడు నెలల క్రితం నేనే వెళ్ళాను. మన అట్టపెట్టెలు ఇన్నేళ్ళుగా తీసుకుంటున్నది వాళ్ళే కదా. రేట్ల కాగితం పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, చాలా మర్యాదగా, "మాట్లాడటానికి ఎవరైనా తెలిసినవాళ్ళని పంపండమ్మా" అన్నాడు. నేను కుర్చీలోనే ఉన్నాను వదినా. ఇంటి లెక్కలు ఇన్నేళ్ళు పైసాతో సహా రాసిన మనిషిని, ఆ గదిలో నాకు ఒక్క మాట దొరకలేదు.

మీరు బ్యాంకులో అప్పుల సీట్లో కూర్చుని అన్నేళ్ళు జనాన్ని ప్రశ్నలు వేసి ఏడిపించినవారు. నన్ను కూడా ఏడిపించండి. ఏం అడుగుతారో, ఏం చెప్పాలో రాయండి.

మీ మరదలు

—

అపార్ట్‌మెంటు, బాల్కనీ
మే నడుమ

చిరంజీవి మరదలికి ఆశీస్సులు.

పట్టీ బీరువాలోనే ఉంది. అది కట్టుకుంటే మోకాలు నొప్పి తగ్గి పిక్క నొప్పి మొదలవుతుంది. ఇక ఆ విషయం వదిలెయ్.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి ఆ మేనేజరు దగ్గరికి నేనే వెళ్ళి కూర్చోవాలనిపించింది. సరే, పనిలోకి దిగుదాం.

నేను ఏడిపించేదాన్నని అన్నావు. అది నిజమే, కానీ ఎందుకో చెబుతాను విను. అప్పు కోసం వచ్చినవాడు మనం అడిగినదానికి కాకుండా తను ఇంటి దగ్గర బట్టీ పట్టుకొచ్చిన దానికి జవాబు చెబుతాడు. వాడి కళ్ళలోకి చూస్తే తెలిసిపోతుంది. కాబట్టి నువ్వు బట్టీ పట్టకు. నేను ప్రశ్నలు రాస్తాను, నువ్వు జవాబులు రాసి పంపు. ఎర్ర సిరాతో దిద్ది పంపుతాను.

ఈ కోర్సు ఎందుకు. ఇప్పుడే ఎందుకు. మీ కార్ఖానాలో ఏం తయారవుతుంది, నెలకి ఎన్ని, ఎవరు కొంటారు. పనివాళ్ళు ఎందరు. ఇల్లు, రోగి, చదువు, మూడూ ఎలా నెట్టుకొస్తారు. ఈ ఆఖరి ప్రశ్న మగవాళ్ళని అడగరు, నిన్ను తప్పకుండా అడుగుతారు. అడిగినప్పుడు మొహం మాడ్చుకోకు.

ఇంకొకటి. "మేము" అనకు, "నేను" అను. ఫోనులో కూడా చూస్తుంటాను, మేం కొన్నాం, మేం వండాం అంటావు. వండేది నువ్వొక్కదానివే కదా, మిగతావాళ్ళెవరు?

తమ్ముడికి ఎందుకు చెప్పలేదు? వాడు వద్దనే మనిషి కాదే. చెప్పు.

నీ వదిన

—

ఇల్లు, కార్ఖానా గది
మే చివర

వదినగారికి,

ఈ ఉత్తరం కింద కార్ఖానాలో, ఆయన బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను. ఇన్నేళ్ళ కాపురంలో నేను ఈ కుర్చీలో కూర్చోవడం ఈ ఆరునెలల్లోనే. అంతకుముందు గుమ్మం దాకా వచ్చి, టీ గ్లాసులు అందించి వెళ్ళిపోయేదాన్ని. లోపల అట్టల దుమ్ము, జిగురు వాసన, ఆ మెషీను చప్పుడు. ఆయన చొక్కాలకి పట్టిన వాసనగానే నాకు ఈ గది తెలుసు.

జవాబులు వేరే కాగితం మీద రాసి పెట్టాను. "నేను" అనే రాశాను. రాస్తున్నంతసేపూ ఎవరో పక్కింటావిడ గురించి రాస్తున్నట్టుంది.

ఆయనకి చెప్పకపోవడానికి కారణం అడిగారు. ఆయన బతికుండగా ఆయన కుర్చీకి నేను సిద్ధమవుతున్నానని అనుకుంటారని భయం. నన్ను వద్దనరు, ఆ సంగతి నాకు తెలుసు. వద్దనకుండా లోపల ఏమనుకుంటారో అదే నా భయం.

నెలకి ఎన్ని పెట్టెలు అన్న ప్రశ్న దగ్గర జాగా వదిలేశాను. మీరు చూసే ఉంటారు. మీకొక్కరికే రాస్తున్నాను, తరవాత ఈ కాగితం చించెయ్యండి.

చెప్పుల కంపెనీ ఆర్డరు ఆగిపోయింది వదినా. ఆ మేనేజరు మాట్లాడిన వారానికే. ఇప్పుడు బట్టల కొట్టుకి కాసిని పెట్టెలు, అవి చేత్తోనే మడిచి అతికిస్తాం. జిగురు పని చేసే పిన్ని ఒక్కతే సరిపోతుంది. పంచింగ్ మెషీనుకి పనే లేదు.

ఆర్డరు ఆగిన మర్నాడు పొద్దున మెషీను తిప్పలేదు. మేడమీద ఆయన ఎడమచేత్తో మంచం పట్టె మీద కొడుతూ, కిందికి చూపిస్తూ, గొంతులోంచి ఏదో చెప్పాలని పెనుగులాడటం మొదలుపెట్టారు. మొహం ఎర్రబడిపోయింది. డాక్టరు ఆవేశం రానివ్వద్దన్నారు కదా. నేను పరుగున కిందికొచ్చి మెషీను తిప్పమని మేస్త్రికి చెప్పాను.

"అట్ట లేదు కదమ్మా, వట్టిదాన్నే తిప్పమంటారా?" అన్నాడు.

"వట్టిదాన్నే తిప్పు."

తిప్పాడు. పైకి వెళ్ళి చూస్తే ఆయన చెయ్యి ఆగిపోయి ఉంది. కళ్ళు మూసుకున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

అప్పటినుంచీ అంతే. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. మేస్త్రి మాత్రం అప్పుడప్పుడూ సణుగుతాడు. "అట్ట పడితే ఒకలా ఉంటుందమ్మా, లేకపోతే ఒకలా ఉంటుంది. అయ్యగారు దీని పక్కన పుట్టి పెరిగినట్టే." పిన్ని ఊరుకోదు. "నువ్వు మెషీను చప్పుడు సంగతి చెబుతున్నావు, నీ సణుగుడు ఆపితే మాకు అదే చాలు" అంటుంది. నేనూ మేస్త్రిని గదిమాను. గోడలు, స్లాబు దాటి మేడమీదికి అంత తేడా ఏం వినపడుతుందన్నాను.

ఎన్నాళ్ళిలా అంటారు. అందుకే వదినా ఈ కోర్సు. మాట్లాడటం వస్తే, లెక్క కట్టి చెప్పటం వస్తే, మళ్ళీ ఎవరి దగ్గరైనా ఆర్డరు తెస్తాను. అప్పుడు మెషీను నిజంగానే నడుస్తుంది. మధ్యలో జరిగింది ఆయనకి తెలియకుండానే పోతుంది.

మీ మరదలు

—

అపార్ట్‌మెంటు
జూన్ మొదలు

అమ్మాయీ,

జవాబులు దిద్ది పంపుతున్నాను. ఎర్ర సిరా ఎక్కువైందని బెంగపడకు, నా చెయ్యే అంత. "ఈ కోర్సు ఎందుకు" అన్నదానికి పేజీన్నర రాశావు. అందులో చివరి రెండు వాక్యాలు తప్ప మిగతాదంతా కొట్టేశాను. ఆ రెండే నీవి.

చించెయ్యమన్న కాగితం చించేశాను.

దాని గురించి ఏదో రాద్దామని కూర్చున్నాను. నిన్నా రాయలేకపోయాను, ఇవాళా రాయలేకపోతున్నాను. ఇంటర్వ్యూ కానీ. అడగనిది చెప్పకు. అడిగితే మాత్రం అబద్ధం చెప్పకు, నీకు అది చేతకాదు. మా బల్ల ముందు అబద్ధం చెప్పేవాళ్ళు చేతుల్ని చూసుకునేవాళ్ళు.

నువ్వు కాలేజీకి వెళ్ళిన పూట తమ్ముడి దగ్గర నేను కూర్చుంటాను. పొద్దుటి బస్సుకి వచ్చి సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతాను. వాడికి కంటి డాక్టరు దగ్గరికని చెప్పు, నమ్ముతాడు. లేక, నమ్మినట్టు ఉంటాడు.

వదిన

—

ఇల్లు, మెట్ల మీద
జూన్ నడుమ

వదినగారికి,

ఆ రోజు మీరు బస్సు అందుకునే తొందరలో ఉన్నారు. "ఎలా జరిగింది?" అని మీరు గుమ్మంలో అడిగితే తల ఊపాను. అది అవునో కాదో నాకే తెలియదు. ఇప్పుడు వరుసగా రాస్తాను.

వరండాలో బెంచీల మీద చాలామంది ఉన్నారు. అందరూ ఉద్యోగాలవాళ్ళు, మెడలో ఆఫీసు గుర్తింపు బిళ్ళలతోనే వచ్చారు. నా పక్కనున్న అమ్మాయి, నేను ఎవరికో తోడుగా వచ్చాననుకుని, "మీ అబ్బాయా అండీ, అమ్మాయా?" అని అడిగింది. "నేనే" అన్నాను. ఆ పిల్ల సిగ్గుపడి తన నీళ్ళ సీసా నా చేతిలో పెట్టింది.

లోపల ముగ్గురు. మధ్యలో నెరిసిన జుట్టు ప్రొఫెసరమ్మ. ఒక పక్క ఏదో ఫ్యాక్టరీ నడిపే ఆయన, చేతిలో చిన్న కాలిక్యులేటరు. ఇంకో పక్క కుర్రమేష్టారు, ఆయన రాసుకోవడమే తప్ప మాట్లాడలేదు.

ఎందుకు ఈ కోర్సు అన్నారు. మీరు మిగిల్చిన రెండు వాక్యాలే చెప్పాను. ప్రొఫెసరమ్మ కళ్ళజోడు తీసి చూసింది. ఇల్లు, రోగి, చదువు ఎలా అని అడిగారు, మీరన్నట్టే. "రోజంతా ఏ పని ఏ వేళకో ఇప్పటికే రాసుకుని చేస్తున్నానండీ, శని ఆదివారాల్లో ఇంకో పని కలుపుతాను" అన్నాను. ఫ్యాక్టరీ ఆయన నవ్వాడు. అంతవరకూ బాగానే ఉంది.

అప్పుడాయన మెషీను ఎంతసేపు నడుస్తుందని అడిగాడు. ఎంతసేపో చెప్పాను. కరెంటు బిల్లు ఎంతొస్తుందన్నాడు. చెప్పాను. నెలకి ఎన్ని పెట్టెలు అన్నాడు. చేత్తో చేసినవి ఎన్నో అన్నే చెప్పాను. ఆయన కాలిక్యులేటరు నొక్కి, మళ్ళీ నొక్కి, తల ఎత్తాడు.

"కుదరట్లేదమ్మా. మెషీను ఇంతసేపు నడిస్తే ఇన్నే పెట్టెలేమిటి? వేస్టేజీ అంత ఉందా?"

నా చేతుల్ని చూసుకోకూడదని గుర్తు పెట్టుకున్నాను.

"మెషీను ఖాళీగా నడుస్తుందండీ."

"ఖాళీగానా, ఎవరికోసం?"

"మా ఆయన కోసమండీ. పైన మంచంలో ఉన్నారు. ఆ చప్పుడు ఆగితే తట్టుకోలేరు."

రాసుకుంటున్న కుర్రమేష్టారు కలం ఆపేశాడు. ఫ్యాక్టరీ ఆయన కాలిక్యులేటరు జేబులో పెట్టుకున్నాడు.

ప్రొఫెసరమ్మ మెల్లగా అడిగింది. "ఇక్కడికి వస్తే, ఫలితం లేని ఖర్చు ఆపమని మొదటి నెలలోనే చెబుతాం. ఆపగలరా?"

జవాబు తెలిసిన ప్రశ్నే వదినా. ఆపుతానంటే సీటు, అంతే. "తెలియదండీ" అన్నాను. ఇక లేచి నమస్కారం పెట్టేద్దామనుకున్నాను.

ఆమె వాళ్ళిద్దరి వైపూ చూసి, ఏదో కాగితం మీద గీత పెట్టి, సీటు ఇస్తున్నామంది. నాకు అర్థం కాలేదు, కూర్చునే ఉన్నాను. మళ్ళీ చెప్పింది.

అయితే ఒక నియమం ఉంది. ఇది పనిలో ఉన్నవాళ్ళ కోర్సు. కాబట్టి నేను పనిచేసే సంస్థ నడుస్తోందని, అందులో నేను బాధ్యత చూస్తున్నానని యజమాని సంతకంతో కాగితం తేవాలి. జూలై ఆఖరులోగా. "తాళం వెయ్యలేదు, మనుషులు వస్తున్నారు, చేతి పని జరుగుతోంది. ఆయన సంతకం తెస్తే చాలు, మిగతాది మేం చూసుకుంటాం" అని కూడా అంది. ఆమెది పెద్ద మనసు.

యజమాని అంటే ఆయనే కదా. ఎడమచేత్తో గీత గీసినా సంతకమే అన్నారు. ఆయనకి మెషీను చప్పుడు వినపడుతోంది, ఆయన లెక్కలో కార్ఖానా నడుస్తోంది. కాబట్టి ఆయన సంతకం పెడితే ఆయన వరకూ అది నిజమే. కరెంటు వాళ్ళ కాగితమనో, బ్యాంకు వాళ్ళదనో చెబుతాను. చూడని కాగితం మీద ఆయన సంతకం పెట్టరని మీకు తెలుసు. పైన నాలుగు మాటలు చదివి వినిపించాలి. నేను చదివితే గొంతు పట్టిస్తుంది. మీరు వచ్చి చదువుతారా?

మీ మరదలు

—

అపార్ట్‌మెంటు
జూన్ చివర

అమ్మాయీ,

సీటు వచ్చిందని చదివి ఒక్కదాన్నే ఇంట్లో లేచి నిలబడ్డాను. ఎదురుగా చప్పట్లు కొట్టడానికి ఎవరూ లేరు, అయినా నిలబడ్డాను.

తరవాత కింది భాగం చదివి కూర్చుండిపోయాను.

నేను వచ్చి చదవలేను. నీకు చెప్పకూడదని వాడికి మాట ఇచ్చాను. ఆ మాట ఇంక నిలబెట్టుకోలేను.

మార్చిలో నేను మీ ఇంటికి వచ్చినప్పుడు నువ్వు మందుల కొట్టుకి వెళ్ళావు. కింద మెషీను మొదలైంది. తమ్ముడు కళ్ళు మూసుకున్నాడు. నేను నీలాగే అనుకున్నాను, హాయిగా ఉందేమోనని. దగ్గరికి వెళ్ళి చూస్తే మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఏమిట్రా అన్నాను. చాలాసేపటికి, ఒక్కో మాటా లాగి లాగి అన్నాడు. "వట్టిదే, తిప్పుతున్నారు. అట్ట లేదు."

వాడికి మొదటిరోజే తెలిసిపోయింది. ఆ రోజు మంచం మీద కొట్టుకున్నది మెషీను తిప్పమని కాదు. ఏమైంది, ఆర్డరు పోయిందా అని అడగటానికి పెనుగులాడాడు. అంతలో నువ్వు పరుగున వెళ్ళావు, కింద వట్టి మెషీను చప్పుడు లేచింది. అందులోనే వాడికి జవాబు దొరికింది.

మరి ఆపమని చెప్పరా అంటే తల అడ్డంగా ఊపాడు. "దానికి, ధైర్యం. అది తిరిగితే, దానికి ధైర్యం." దానికి అంటే నీకు. మెషీను తిరుగుతుంటే నువ్వు ఏదో నడుస్తోందని నిలదొక్కుకుంటున్నావట. ఆపిస్తే నువ్వు కూలిపోతావట. చెప్పకు, చెప్పకు అని నా చెయ్యి వదల్లేదు. ఎడమచేతిలో అంత బలం ఉందని నాకు అప్పుడే తెలిసింది.

నువ్వు వాడి కోసం తిప్పుతున్నావు. వాడు నీ కోసం వింటున్నాడు. రోజూ రెండు పూటలా. నీ మే చివరి ఉత్తరం చదివిన రోజున నాకు అన్నం సయించలేదు.

ఇంటర్వ్యూ ముందు చెబితే నువ్వు కాలేజీకి వెళ్ళవని ఆగాను. ఇప్పుడు ఆ కాగితం దగ్గరికి వచ్చింది కాబట్టి ఆగలేను. కార్ఖానా నడుస్తోందని వాడి చేత సంతకం పెట్టిస్తే, అది అబద్ధమని తెలిసే పెట్టాలి వాడు. పెట్టెల కొలతలో దారమంత తేడా వస్తే సరుకు వెనక్కి రప్పించుకున్న మనిషి. వాడి ముందు కాగితం పెట్టి, నేను గొంతు సవరించుకుని చదవడం, వాడు నా మొహం చూడటం, అది నా వల్ల కాదు.

దొంగచాటుగా వద్దు. నువ్వే వెళ్ళి వాడి పక్కన కూర్చుని అన్నీ చెప్పి అడుగు. కాలేజీ సంగతీ చెప్పు. ఏమంటాడో వాణ్ణే అననీ.

వదిన

—

అపార్ట్‌మెంటు
ఆగస్టు మొదటివారం

అమ్మాయీ,

ఉత్తరం లేదు. ఫోను చేస్తే "బాగున్నాం వదినా, తరవాత చేస్తాను" అని పెట్టేస్తున్నావు. మళ్ళీ మేము అంటున్నావు చూడు.

కోపం వచ్చిందా? వస్తే తిట్టు, పడతాను. గడువు దాటింది కదా, కాగితం ఇచ్చావో లేదో అదైనా రాయి.

వదిన

—

ఇల్లు, మేడమీద
సెప్టెంబరు

వదినగారికి నమస్కారాలు.

కోపం కాదు. ఏ మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఇన్నాళ్ళూ రాయలేదు. అంట్లు తోముతూ, బట్టలు ఆరేస్తూ మీకు ఉత్తరాలు చెప్పుకుంటూనే ఉన్నాను.

మీ ఉత్తరం వచ్చిన రోజు సాయంత్రం మెషీను మొదలయ్యే వేళకి నేను కిందికి వెళ్ళలేదు. ఆయన మంచం పక్కన పీట మీద కూర్చున్నాను. చప్పుడు లేచింది. ఆయన కళ్ళు మూసుకున్నారు. నేను ఎప్పుడూ ఆ వేళ వంటగదిలో ఉండేదాన్ని వదినా, గుమ్మంలోంచి చూసి, అమ్మయ్య అనుకుని వెళ్ళిపోయేదాన్ని. దగ్గరగా చూడటం అదే. దవడ బిగించి ఉంది. ఎడమచేతి వేళ్ళు దుప్పటి అంచుని పట్టుకున్నాయి. మేస్త్రి ఆపేవరకూ అవి వదల్లేదు. సూది గుచ్చేటప్పుడు పట్టుకుంటామే, అలా.

మర్నాడు మేస్త్రితో ఇక తిప్పొద్దని చెప్పాను. అతను గుడ్డ తీసుకుని మెషీను అంతా తుడిచి, నూనె వేసి, పైన సంచీ గుడ్డ కప్పాడు. "మొదటే వినుంటే" అని ఒక్క మాట అన్నా బాగుండేది. అనలేదు. పిన్ని కూడా ఆ రోజు అతన్ని ఏమీ అనలేదు.

పైకి వెళ్ళి, "ఇంక మెషీను తిప్పమండీ" అన్నాను. ఆయన నా వైపు చూశారు. చాలాసేపు చూశారు. నేను నిలబడే ఉన్నానా, పడిపోతానా అని చూస్తున్నట్టుంది. నేను కళ్ళు తుడుచుకుని, దుప్పటి సర్ది, మందు ఇచ్చాను. అప్పుడాయన గట్టిగా ఊపిరి వదిలారు. ఆ రాత్రి ఆయన నిద్రపోయారు వదినా. ఎన్ని నెలలయిందో అలా నిద్రపోయి.

మీరు అడగమన్నారు. నేను అడగలేదు. కాగితం రాసి, మడిచి, కొంగున పెట్టుకుని చాలాసార్లు ఆ గదిలోకి వెళ్ళాను. నడుస్తోంది అన్న మాట దగ్గర ఆగిపోయేదాన్ని. కింద సంచీ గుడ్డ కప్పి ఉన్న మెషీను, పైన నడుస్తోందని కాగితం. తన కార్ఖానా ఆగిందని వట్టి చప్పుడులో విన్న మనిషిని, అది నడుస్తోందని రాసివ్వమని ఎలా అడగను? అడిగితే నా కోసం పెడతారేమోనన్నదే ఇంకా పెద్ద భయం. అంత పని ఆయన చేత చేయించకూడదనుకున్నాను.

జూలై ఆఖర్న కాలేజీకి వెళ్ళి, మెషీను ఆపేశామని, నడుస్తోందన్న కాగితం తేలేనని చెప్పేశాను. ప్రొఫెసరమ్మ కుర్చీ లాగి కూర్చోమంది. నిబంధనల పుస్తకం తెరిచి చాలాసేపు చూసింది. చివరికి మూసేసి, "అంటే, ఆపగలిగారన్నమాట" అంది. ఆమె మెచ్చుకుందో, బాధపడిందో తెలియలేదు. నా సీటు ఆ రోజు వరండాలో ఎదురుచూసిన ఎవరికో వెళ్ళి ఉంటుంది. ఆ నీళ్ళ సీసా పిల్లకైతే బాగుండును.

ఆగస్టు ఆఖరివారంలో మెషీను అమ్మేశాం. కొన్నవాళ్ళు వచ్చి విప్పి తీసుకెళ్ళారు. తలుపు చట్రం తీయాల్సి వచ్చింది. ఆయన పైనుంచి ప్రతి చప్పుడూ వింటూ, ఏ భాగం విప్పుతున్నారో నాకు చెబుతున్నారు. "దవడ." "చక్రం." "మెల్లగా, మెల్లగా." అది లారీ ఎక్కి వీధి మలుపు తిరిగేవరకూ చెవి అటే పెట్టి ఉన్నారు. మేస్త్రికి కొన్నవాళ్ళ దగ్గరే పని దొరికింది, మెషీను వెంటే వెళ్ళాడు. పిన్నీ నేనూ బట్టల కొట్టు పెట్టెలు అతికిస్తూనే ఉన్నాం, మేడమీదే, ఆయన మంచం పక్కన.

అసలు రాయాలనుకున్నది ఇది.

ఇప్పుడు సాయంత్రాలు ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంటుంది. మొన్న అట్టలు మడుస్తూ కూర్చున్నాను. పిన్ని వెళ్ళిపోయింది. ఆయన, "చెప్పు" అన్నారు.

"ఏం చెప్పనండీ?"

"ఏదైనా."

ఏదైనా అంటే నాకు కాలేజీ వరండా గుర్తొచ్చింది. చెప్పేశాను. చెప్పుల కంపెనీ మేనేజరు దగ్గర్నుంచీ. మీ ఎర్ర సిరా, కంటి డాక్టరు అబద్ధం, నీళ్ళ సీసా పిల్ల. కాలిక్యులేటరు ఆయన రెండుసార్లు నొక్కాడని చెబితే ఎడమపక్క పెదవి కొంచెం కదిలింది, అది నవ్వే. సీటు ఇస్తున్నామన్నారని చెబితే మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాను.

ఆ తరవాత కాగితం సంగతి. అది చెప్పకూడదనుకున్నాను, కానీ కథ అక్కడికి వచ్చేసింది. మరి ఎందుకు వెళ్ళట్లేదని ఆయన చూపు అడుగుతోంది. మీ సంతకం కావాలన్నారండీ, నడుస్తోందని. నేనే అడగలేదు, అన్నాను.

ఆయన మాట కోసం పెనుగులాడటం మొదలుపెట్టారు. నీళ్ళు కావాలా అన్నాను, కాదన్నారు. దిండు సర్దనా అన్నాను, కాదన్నారు. ఎడమచెయ్యి ఎత్తి, గాలిలో వేళ్ళు కలిపి, కలం పట్టుకున్నట్టు పట్టి చూపించారు.

"పెట్టేవాణ్ణి" అన్నారు.

నేను అట్ట మడుస్తున్న చేతిని ఆపలేదు. ఆపితే ఏమవుతుందో నాకు తెలుసు.

"వచ్చే ఏడాది పెడుదురుగాని లెండి" అన్నాను.

మీ మరదలు